పదకొండేళ్ల తర్వాత సెలవుల్లో ఎదురైన పాత ప్రేమికులు: ఈ కథ నడుమ ఎందుకు చతికిలబడుతుంది?

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో చెప్తాను, సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకే తెలుస్తుంది. పదకొండేళ్ల క్రితం విడిపోయిన ఇద్దరు, ఒక కొండ మీది విడిదిలో పది రోజుల సెలవు గడపడానికి వచ్చి అనుకోకుండా ఎదురుపడతారు. మొదటి మూడు అధ్యాయాలు చదివినవాళ్లకు బాగా నచ్చాయి. నాలుగో అధ్యాయం దగ్గర్నుంచి మాత్రం "ఐదు నిమిషాలు కూర్చుని మాట్లాడుకుంటే తేలిపోయేదానికి ఇన్ని పేజీలెందుకు?" అన్నారు. చివర్లో ఇద్దరూ కలిసిపోవడం ఎవరికీ నమ్మబుద్ధి కాలేదు. ఫ్లాష్‌బ్యాక్‌లు తగ్గించాలా, సంఘటనలు పెంచాలా అన్నది మీ ప్రశ్న.

నేను 26 ఏళ్లుగా ప్రేమకథలు రాస్తున్నాను. అందులో సగం కాలం ఇతరుల రాతప్రతులు చదివి దిద్దే పని కూడా చేశాను. విడిపోయినవాళ్లు మళ్లీ కలిసే కథంటే నాకు ప్రాణం. కొత్త ప్రేమలో ఒకరి లోపాలు ఒకరికి తెలియవు కాబట్టి ఆశపడటం తేలిక. ఇక్కడ అన్నీ తెలుసు. ఎక్కడ దెబ్బ తగులుతుందో కూడా తెలుసు. తెలిసీ మళ్లీ దగ్గరికి రావాలంటే ఎంత ధైర్యం కావాలి! అందుకే మీ కథ నిలబడాలని నాకు నిజంగా ఉంది.

సంఘటనలు పెంచొద్దు, ఫ్లాష్‌బ్యాక్‌ల లెక్క ఇప్పుడే చూడొద్దు. మీరు పంపిన కథాసారంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. "ఆమె రాసిన ఉత్తరం అతనికి చేరకపోవడంతో ఇద్దరూ విడిపోయారు." నాలుగో అధ్యాయం నీరసపడటానికి కారణం ఆ వాక్యమే.

ఒక పరీక్ష పెట్టి చూడండి. ఆ ఉత్తరం మర్నాడే అతని చేతికి అందిందనుకోండి. అప్పుడు వాళ్లు కలిసే ఉండేవాళ్లా? "ఉండేవాళ్లు" అని మీరు జవాబిస్తే, వాళ్లను విడదీసింది పోస్టు. వాళ్లు కాదు. అలాంటి కథలో పదకొండేళ్ల తర్వాత ఎదురుపడగానే "నా ఉత్తరం అందలేదా?" "ఏ ఉత్తరం?" అన్న రెండు ప్రశ్నలతో అడ్డు తొలగిపోతుంది. ఆ రెండు ప్రశ్నలు రాకుండా ఆపడానికే మీరు నాలుగు నుంచి తొమ్మిది వరకు వాన కురిపించారు, ఆమె స్నేహితురాలిని మధ్యలో తెచ్చారు, అతనికి జ్వరం తెప్పించారు. పాఠకులు ఆ ప్రయత్నాన్ని పసిగట్టారు.

నేను చెప్పేది ఒక్కటే. ఆ ఉత్తరాన్ని చేరనివ్వండి. అతను చదివాడు. రెండుసార్లు చదివాడు. జవాబు రాయలేదు.

ఇప్పుడు చూడండి కథ ఎలా మారిందో. అతను చదివాడన్న సంగతి ఆమెకు తెలియదు. పోస్టులో పోయిందేమోనని పదకొండేళ్లుగా తనకు తాను సర్దిచెప్పుకుంటోంది, ఎందుకంటే ఆ ఊహ తక్కువ నొప్పి పెడుతుంది. చదివానని చెప్తే ఆమె ఆ క్షణమే లేచి వెళ్లిపోతుందని అతనికి తెలుసు. చెప్పకపోతే తను ఏం మాట్లాడినా అబద్ధం మీద నిలబడి మాట్లాడినట్టే. ఐదు నిమిషాల మాటలతో తేలేది కాదిది. పైగా ఆ ఐదు నిమిషాలంటేనే ఇద్దరికీ భయం. మీ పాఠకులు "ఎందుకు మాట్లాడుకోరు?" అనడం మానేసి "అయ్యో, ఇప్పుడు చెప్పేస్తాడా?" అని పేజీ తిప్పుతారు.

ఇక ఎందుకు జవాబు రాయలేదన్నది మీరు వెతకాలి. నా ఊహ ఒకటి చెప్తాను, మీది మీరు తయారు చేసుకోండి. ఆమెకు దూరదేశంలో పెద్ద చదువుకు అవకాశం వచ్చింది. అతని తండ్రి మంచాన పడ్డాడు, అతను కదలలేడు. ఆమె ఉత్తరంలో "నువ్వు ఉండమంటే ఉండిపోతాను" అని రాసింది. ఉండమని రాస్తే ఆమె బతుకు తన చేతులతో కట్టేసినట్టు. వెళ్లమని రాసే శక్తి అతనికి లేదు. అందుకని ఏమీ రాయలేదు. అతని దృష్టిలో అది త్యాగం. ఆమె దృష్టిలో అవమానం, తన జీవితంలోని అతి పెద్ద నిర్ణయాన్ని తనకు చెప్పకుండా అతనొక్కడే తీసేసుకోవడం. ఇద్దరూ తమ లెక్కలో న్యాయంగానే ఉన్నారు. విడిపోవడానికి ఇలాంటి కారణం దొరికితే పది రోజులు కాదు, ఎన్ని రోజులైనా రాయొచ్చు.

బయటి కారణం విడదీయడానికీ, మనుషులే విడిపోవడానికీ ఉన్న ఈ తేడా మన సాహిత్యంలో చాలా పాతది. శకుంతల కథ రెండు రకాలుగా ఉంది కదా. భారతం ఆదిపర్వంలో దుష్యంతుడికి మరుపు రాలేదు. అంతా గుర్తుండే, నిండు సభలో ఆమె ఎవరో తెలియదంటాడు. ఆమె తలవంచుకుని వెళ్లిపోదు, సత్యం ఎంత బరువైనదో అతని ముఖం మీదే చెప్తుంది. అశరీరవాణి పలికాక, లోకం ఏమనుకుంటుందోనని అలా అన్నానని అతను ఒప్పుకుంటాడు. కాళిదాసు తన నాటకంలోకి దుర్వాసుడి శాపాన్ని, ఉంగరాన్ని తెచ్చాడు. దాంతో తప్పు రాజు మీద నుంచి శాపం మీదికి మళ్లింది. మీ పోస్టులో పోయిన ఉత్తరం ఆ శాపం లాంటిదే. అయితే కాళిదాసు ఒక పని చేశాడు, అది మనం మర్చిపోతాం. ఉంగరం దొరకగానే ఇద్దరినీ కలిపెయ్యలేదు. ఆరో అంకమంతా రాజును పశ్చాత్తాపంతో కాల్చాడు, ఆమె బొమ్మ గీసుకుని దాని ముందు కుమిలిపోయేలా చేశాడు. ఏడో అంకంలో గాని ఆమె కనిపించదు. తప్పును బయటి కారణం మీదికి నెట్టిన కవి కూడా, దాని మూల్యం ఆ మనిషితోనే చెల్లించేలా చేశాడు. మీ కథలో ఆ ఆరో అంకం లేదు.

ఇప్పుడు జ్ఞాపకాల సంగతి. మీ రాతప్రతిలో ఇద్దరికీ పాత రోజులు ఒకేలా గుర్తున్నాయి. చెట్టు కింద కూర్చున్న సాయంత్రం ఆమెకు ఎలా గుర్తుందో అతనికీ అలాగే ఉంది. నిజంగా అలా జరగదు. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్, ఆయన సహచరులు 1993లో ఒక ప్రయోగం ప్రచురించారు. ఒకసారి 14 డిగ్రీల చల్లటి నీళ్లలో 60 సెకన్లు చెయ్యి పెట్టమన్నారు. ఇంకోసారి అలాగే 60 సెకన్లు ఉంచి, ఆపైన ఇంకో 30 సెకన్లు నీటిని కొద్దిగా, 15 డిగ్రీల దాకా, వెచ్చబరుస్తూ చెయ్యి అందులోనే ఉంచమన్నారు. మళ్లీ చేయాల్సి వస్తే ఏది ఎంచుకుంటారని అడిగితే ఎక్కువమంది రెండోదే ఎంచుకున్నారు. మొత్తం నొప్పి ఎక్కువైనా, ముగింపు కాస్త నయంగా ఉంది కాబట్టి. అనుభవం ఎంతసేపు సాగిందన్నది మనకు పెద్దగా గుర్తుండదు. బాగా తీవ్రమైన క్షణం, ముగిసిన తీరు, ఈ రెండే గట్టిగా మిగులుతాయి.

ప్రేమకూ ఇది వర్తిస్తుందని నా నమ్మకం. నాలుగేళ్ల సంతోషాన్ని చివరి రోజు కమ్మేస్తుంది. అందుకని మీ వాళ్ల చివరి రోజు ఎలా గడిచిందో మీకు నిమిషాలతో సహా తెలియాలి. ఆ రోజును రెండుసార్లు రాయండి. ఒకసారి ఆమె తలలోంచి రెండు పేజీలు, ఒకసారి అతని తలలోంచి రెండు పేజీలు. నవలలో పెట్టడానికి కాదు, మీ కోసం. ఆమెకు గుర్తున్నది: రైలు కదిలేదాకా అతను వాచీ చూసుకుంటూనే ఉన్నాడు, ఎప్పుడు పోతానా అన్నట్టు. అతనికి గుర్తున్నది: నాన్నకు మందు వేసే టైమ్ దాటిపోతున్నా, రైలు కనుమరుగయ్యేదాకా అక్కడి నుంచి కదల్లేదు. అదే వాచీ, అదే చూపు. పదకొండేళ్లుగా ఒకరికి అది నిర్లక్ష్యం, ఇంకొకరికి అది ప్రేమకు సాక్ష్యం. మీ ఆరో రోజున, ఏ గొడవా లేని ఒక మామూలు మాటల మధ్య, "నువ్వు వాచీ చూసుకుంటూ ఉన్నావు కదా ఆ రోజు" అని ఆమె అనాలి. అతనికి ఏమీ అర్థం కాకుండా చూడాలి. నాకైతే నవల మొత్తానికి అదే గుండెకాయ అనిపిస్తుంది. వర్షంలో తడిసే సీను కాదు.

ఇంకో మాట. మనుషులు ముసలితనంలో తమ జీవితాన్ని గుర్తు చేసుకుంటే, దాదాపు 10 నుంచి 30 ఏళ్ల మధ్య వయసు జ్ఞాపకాలు మిగతావాటికంటే దట్టంగా వస్తాయని మనస్తత్వ శాస్త్రం ఎన్నోసార్లు చూపించింది. మొదటిసారి జరిగినవన్నీ, మనిషి తనెవరో తేల్చుకున్న రోజులన్నీ అక్కడే ఉంటాయి. మీ నాయిక అతన్ని చూడగానే ఆమెలో కదిలేది అతని మీద ప్రేమ ఒక్కటే కాదు. ఇరవై రెండేళ్ల తన మీద ప్రేమ కూడా. "నేను వెతుక్కుంటున్నది ఇతన్నా, అప్పటి నన్నా?" అన్న అనుమానం ఆమెకు ఒక్కసారైనా రావాలి. తెలివైన మనిషిగా మీరు ఆమెను చూపించారు కాబట్టి, రాకపోతే లోటు.

ఈ సెలవుకు మీ కథలో ఉన్న పనేమిటో ఇప్పుడు చూద్దాం. సెలవు మనుషుల ఒంటి మీంచి వాళ్ల పాత్రలు తీసేస్తుంది. ఆఫీసులో ఆమె మేనేజరు, ఇంట్లో అతను అన్నయ్య. ఇక్కడ ఎవరూ వాళ్లకోసం ఎదురుచూడటం లేదు, ఫోన్ మోగడం లేదు, పొద్దున లేస్తే చేయాల్సిన పని లేదు. దాచుకోవడానికి పని లేనప్పుడు మనిషి బయటపడతాడు. పైగా గడువు ఉంది. పదో రోజు ఇద్దరూ వెళ్లిపోతారు. కాళిదాసు నాటకంలో దుష్యంతుడు శకుంతలను చివరికి కలుసుకున్నది తన సభలో కాదు, ఆమె పెరిగిన కణ్వుడి ఆశ్రమంలోనూ కాదు. ఇంద్రుడి తరఫున యుద్ధం చేసి తిరిగి వస్తూ ఆగిన మారీచ మహర్షి, అంటే కశ్యపుడి, ఆశ్రమంలో. అది ఇద్దరిలో ఎవరిదీ కాదు. అతను అక్కడ రాజు కాడు, ఆమె అక్కడ అర్థించడానికి వచ్చిన మనిషి కాదు. మీ విడిది కూడా అలాంటి చోటే కావాలి. ఇప్పుడు మీరు దాన్ని అతని మేనమామదిగా చేశారు, దయచేసి మార్చండి. అతని బంధువుల ఇంట్లో ఆమె ఎప్పటికీ అతిథే.

కానీ సెలవు మోసం కూడా చేస్తుంది. మీ ముగింపు నమ్మబుద్ధి కాకపోవడానికి కారణం ఇదే. మనస్తత్వ శాస్త్రవేత్తలు డొనాల్డ్ డటన్, ఆర్థర్ ఆరన్ 1974లో కెనడాలోని కాపిలానో వేలాడే వంతెన మీద చేసిన పరిశోధన గురించి మీరు వినే ఉంటారు. లోయ మీద ఊగే వంతెన దాటుతున్న మగవాళ్లను ఒక యువతి ఆపి ప్రశ్నలడిగి, వివరాలు కావాలంటే చెయ్యమని తన ఫోన్ నంబరు ఇచ్చింది. తక్కువ ఎత్తులో కదలకుండా ఉండే వంతెన మీద కలిసినవాళ్ల కంటే, ఊగే వంతెన మీద కలిసినవాళ్లలో ఎక్కువమంది ఆమెకు ఫోన్ చేశారు. భయానికి కొట్టుకున్న గుండెను ఆకర్షణగా చదువుకున్నారని ఆ పరిశోధకులు వివరించారు. కొండ గాలి, ఖాళీ పొద్దు, మంచు, ఇవన్నీ మీ ఇద్దరి మధ్య ఆ వంతెన చేసిన పనే చేస్తున్నాయి.

సెలవుల గురించి ఇంకో రెండు సంగతులు తెలిస్తే మీకు పనికొస్తాయి. 1997లో మిచెల్, థాంప్సన్ అనే పరిశోధకుల బృందం విహారయాత్రలకు వెళ్లినవాళ్లను ముందు, మధ్యలో, తర్వాత అడిగి చూసింది. యాత్ర జరుగుతున్నప్పుడు ఉన్న చిరాకులు, నిరాశలు తర్వాతి జ్ఞాపకంలో చాలావరకు కరిగిపోయి, అసలు గడిచినదానికంటే మంచిగా గుర్తుండిపోయింది. 2010లో నెదర్లాండ్స్‌లో 1,530 మందితో చేసిన అధ్యయనంలో, సెలవుకు వెళ్లబోయేవాళ్లు వెళ్లనివాళ్లకంటే ముందే ఎక్కువ సంతోషంగా కనిపించారు. తిరిగి వచ్చాక మాత్రం, బాగా విశ్రాంతిగా గడిపిన కొద్దిమంది తప్ప, మిగతావాళ్లకూ వెళ్లనివాళ్లకూ తేడా లేకపోయింది. సెలవులో పుట్టిన సంతోషం సామానుతో పాటు ఇంటికి రాదన్నమాట. మీ పాఠకులకు ఈ లెక్కలు తెలియకపోవచ్చు, కానీ అనుభవం మీద ఈ నిజం తెలుసు. అందుకే పదో రోజు సూర్యోదయంలో ఇద్దరూ చేతులు పట్టుకుంటే "సరే, ఇంటికెళ్లాక చూద్దాం" అనుకుంటారు.

పాఠకుల మనసులోని ఆ అనుమానాన్ని మీ పాత్రలతోనే పలికించండి. ఎనిమిదో రోజు ఆమెతో, "ఇక్కడ గాలి బాగుంది కాబట్టి నువ్వూ బాగున్నావనిపిస్తోందేమో" అనిపించండి. అతను దానికి నవ్వకూడదు, బాధపడకూడదు. ఆలోచించాలి. ఆ ఒక్క మాటతో పాఠకులు మీ మీద నమ్మకం పెట్టుకుంటారు.

మాటల దగ్గర మీరు పెద్ద అవకాశాన్ని వదిలేశారు. దీని మీద కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే ఈ కథను తెలుగులో రాయడంలో ఉన్న సుఖమంతా ఇక్కడే ఉంది. పదకొండేళ్ల తర్వాత ఎదురుపడిన మనిషిని ఏమని పిలవాలి? నువ్వా, మీరా? ఇంగ్లీషులో రాసేవాళ్లకు ఈ ప్రశ్నే లేదు. మనకు క్రియ చివర్లోనే తెలిసిపోతుంది. "ఎప్పుడు వచ్చావు" అంటే పాత చనువు తీసుకున్నట్టు. "ఎప్పుడు వచ్చారు" అంటే ఆ నాలుగేళ్లు లేవన్నట్టు. మీ వాళ్లు మొదటి సీనులోనే హాయిగా "నువ్వు" అనేసుకున్నారు. ఎంత నష్టమో!

ఇలాంటి ఇబ్బందిలో ఉన్న మనిషి నిజజీవితంలో ఏం చేస్తాడో గమనించారా? నువ్వు, మీరు రెండూ రాని వాక్యాలు వెతుక్కుంటాడు. "ప్రయాణం బాగా జరిగిందా?" "చలిగా ఉందా?" "రాత్రి నిద్ర పట్టిందా?" వీటిలో ఎదుటి మనిషిని ఏ దూరంలో నిలబెట్టామో తెలియదు. "పడుకున్నావా" అన్నా "పడుకున్నారా" అన్నా తెలిసిపోతుంది, "నిద్ర పట్టిందా" అంటే తెలియదు. మొదటి రెండు రోజులు ఇద్దరినీ ఇలాంటి వాక్యాల మీదే నడపండి. పాఠకులకు మీరు ఒక్క ముక్క వివరించక్కర్లేదు. ఏదో తేడాగా ఉందని వాళ్ల చెవికి తెలుస్తుంది.

మూడో రోజు తడి బండల మీద నడుస్తుంటే ఆమె కాలు జారుతుంది. అతని నోట్లోంచి "చెయ్యి ఇవ్వు!" అని వచ్చేస్తుంది. పట్టుకుంటాడు. ఆమె నిలదొక్కుకుంటుంది. అప్పుడు అతను, "దెబ్బేం తగల్లేదు కదా... మీకు?" అంటాడు. ఆ చివరి మాట ఆమెకు బండ కంటే గట్టిగా తగలాలి. వెనక్కి తీసుకున్న "నువ్వు" కంటే దూరమైన మాట తెలుగులో నాకు కనిపించలేదు. తర్వాత కోపం వచ్చినప్పుడు ఆమె కావాలనే "మీరు" అనొచ్చు. ఆమె "నువ్వు"లోకి వచ్చాక కూడా అతను ఒక రోజంతా "మీరు"లోనే ఉండిపోవచ్చు, ఎందుకంటే ఉత్తరం సంగతి చెప్పకుండా ఆ చనువు తీసుకునే హక్కు తనకు లేదని అతనికి అనిపిస్తుంది. చూశారా, వ్యాకరణమే కథ నడుపుతుంది. ఆమె తన స్నేహితురాలితో ఫోన్‌లో అతని గురించి చెప్పేటప్పుడు కూడా చూడండి. మొదట "అతను", ఒకసారి పొరపాటున "వాడు". ఆ "వాడు"లో కాలేజీ రోజులన్నీ తిరిగి వస్తాయి.

ఫ్లాష్‌బ్యాక్‌ల గురించి అడిగారు కాబట్టి చెప్తున్నాను. మీవి పద్నాలుగు ఉన్నాయి. ఇప్పటి నిర్ణయాన్ని మార్చేవి మాత్రమే ఉంచండి, నాలుగుకు మించవు. మిగతావన్నీ ఒక్కో వాక్యంలో, ఒక వస్తువు ద్వారా, ఒక అలవాటు ద్వారా వచ్చేస్తాయి.

అతనికి పెళ్లయిందా లేదా అన్నది మీరు ఏడో అధ్యాయం దాకా దాచారు. అది వద్దు. పాఠకులు తప్పు చేసిన నాయకుణ్ణి క్షమిస్తారు, తమ దగ్గర దాచిన రచయితను క్షమించరు. విడాకులైతే మొదటి రోజే తెలియనివ్వండి. అతనికి కూతురు ఉండటం బాగుంది, కానీ ఆ పిల్ల వీళ్లిద్దరినీ కలపకూడదు. ఏడేళ్ల పిల్ల భుజాల మీద అంత బరువు పెట్టొద్దు.

యాదృచ్ఛికం గురించి కూడా ఒక మాట. ఇద్దరూ ఒకే విడిదికి రావడం కథ మొదట్లో జరిగింది కాబట్టి పాఠకులు ఒప్పుకుంటారు. చిక్కు పెట్టే యాదృచ్ఛికాన్ని మనం నమ్ముతాం, చిక్కు విప్పే యాదృచ్ఛికాన్ని నమ్మం. కాబట్టి తొమ్మిదో అధ్యాయంలో పాత పోస్ట్‌మాన్ ప్రత్యక్షమై ఉత్తరం సంగతి చెప్పడం తీసెయ్యండి. ఉత్తరం గురించి చెప్పాల్సింది అతనే.

ఎప్పుడు చెప్పాలి? మీ ప్రస్తుత నిర్మాణంలో పెద్ద గొడవ తొమ్మిదో రోజు వస్తుంది, పదో రోజుకు సద్దుమణుగుతుంది. అంత దెబ్బ ఒక్క రాత్రిలో మానదు. ఆరో రోజు వాచీ మాట వచ్చింది కదా, ఆ రాత్రే అతను చెప్పెయ్యాలి. అప్పుడు మీకు నాలుగు రోజులు మిగులుతాయి. ఒకే విడిదిలో, ఒకే భోజనాల గదిలో, నిజం తెలిశాక ఇద్దరు మనుషులు ఎలా తిరుగుతారన్నది రాయడానికి ఆ నాలుగు రోజులు. ఆమె మర్నాడే వెళ్లిపోతానని సామాను సర్దుకుని కూడా ఎందుకు ఆగిందో రాయండి. రోడ్డు మూసుకుపోయిందని కాదు. ఆగాలని ఆమే నిర్ణయించుకోవాలి.

క్షమాపణ సీనుకు మీకు నేను చూపించగలిగిన గొప్ప పాఠం అరణ్యపర్వంలోని నలదమయంతుల కథ. నలుడు అడవిలో నిద్రపోతున్న దమయంతి చీరలో సగం కోసుకుని ఆమెను వదిలి వెళ్లిపోతాడు. చాలాకాలం తర్వాత రూపం మారి, బాహుకుడన్న పేరుతో అయోధ్య రాజు ఋతుపర్ణుడి దగ్గర సారథిగా ఉంటాడు. దమయంతి ఏం చేసిందో చూడండి. రెండో స్వయంవరమని కబురు పంపి అతన్ని రప్పిస్తుంది. రాగానే పరుగెత్తుకెళ్లి మీద పడదు. చెలికత్తె కేశినిని పంపి గమనించమంటుంది, అతని చేతి వంట తెప్పించి రుచి చూస్తుంది, పిల్లల్ని పంపుతుంది. అన్నీ తేలాక ఎదురుగా నిలబెట్టి, నిద్రపోతున్న భార్యను అడవిలో వదిలి వెళ్లిన మనిషిని ఎక్కడైనా చూశావా అని అతన్నే అడుగుతుంది. అంతేకాదు, నలుడికీ ఒక ఫిర్యాదు ఉంది. రెండో స్వయంవరం ఎలా ప్రకటించావని అతనూ అడుగుతాడు. ఇద్దరూ అడగాల్సింది అడిగారు, ఇద్దరూ చెప్పాల్సింది చెప్పారు. మీ కథలో అతనొక్కడే తప్పు ఒప్పుకుంటున్నాడు. ఆమె కూడా ఒకటి ఒప్పుకోవాలి. నా ఊహ కథలో అయితే, "ఉండమంటే ఉండిపోతాను" అని రాయడం ద్వారా నిర్ణయం బరువంతా అతని మీద పెట్టానని ఆమెకు ఇప్పుడు తెలుస్తుంది.

అతని క్షమాపణ చిన్నదిగా ఉండాలి, అందులో "కానీ" రాకూడదు. "చదివాను. జవాబు రాయలేదు. నీ తరఫున నేను నిర్ణయం తీసుకున్నాను." ఇంతే. నాన్న జబ్బు గురించి ఆ సీనులో అతని నోట రానివ్వకండి. అది ఆమెకు ఇంకో రోజు, ఇంకో మాటలో తెలియాలి.

ఆ నలుడి కథలోనే ఇంకొకటి ఉంది, చాలామంది దాటేస్తారు. నలుడు పాచికల్లో రాజ్యం పోగొట్టుకున్నాడు. దూరంగా ఉన్న కాలంలో ఋతుపర్ణుడి దగ్గర అక్షహృదయం, అంటే పాచికల రహస్యం, నేర్చుకున్నాడు. ఏ లోపం వల్ల అంతా పోయిందో ఆ లోపాన్ని దాటి వచ్చాడు. దమయంతిని కలిశాక వెళ్లి మళ్లీ పాచికలాడి రాజ్యం గెలుచుకుంటాడు. మీ అతను ఈ పదకొండేళ్లలో ఏం నేర్చుకున్నాడు? అప్పుడు మౌనంగా ఉండిపోయిన మనిషి ఇప్పుడు నోరు విప్పడం నేర్చుకోకపోతే, ఆమె అతని దగ్గరికి తిరిగి రావడానికి కారణం లేదు. ఎంత ప్రేమ ఉన్నా సరే, నేను ఆమెను పంపను.

అందుకని నవలను పదో రోజు ముగించకండి. ఇద్దరూ ఎవరి ఊరికి వాళ్లు వెళ్లాలి. మూడు వారాలు గడవాలి. ఒక మామూలు మంగళవారం, ఇద్దరూ అలసిపోయి ఉన్న సాయంత్రం, పాత చిక్కే చిన్న రూపంలో మళ్లీ రావాలి. ఆమెకు ఇంకో చోట ఉద్యోగం వచ్చింది. "వెళ్లనా?" అని మెసేజ్ పెట్టింది. అప్పట్లా బరువంతా అతని మీదే పెట్టింది, పెట్టాక తనకే తెలిసింది. అతను ఆ మెసేజ్ చూశాడు. పదకొండేళ్ల క్రితం ఉత్తరం చూసినట్టే రెండుసార్లు చదివాడు. ఈసారి అతను ఎంతసేపట్లో జవాబిస్తాడు, ఏమని జవాబిస్తాడు అన్నదే మీ చివరి సీను. ఈలోగా ఆమె ఇంకో మెసేజ్ పెట్టడం కూడా నాకు ఇష్టం: "నాకు వెళ్లాలని ఉంది. నీకేమనిపిస్తోంది?" ఆ ఒక్క మార్పులో ఆమె ఎంత దూరం వచ్చిందో తెలిసిపోతుంది.

పని ఇలా మొదలుపెట్టండి. మొదటి మూడు అధ్యాయాల్లో నువ్వు, మీరు సంగతి, విడిది ఎవరిదన్న సంగతి సరిచేసి, మిగతాదేమీ కదిలించకండి, అవి బాగున్నాయి. ఒక వారం నవల జోలికి పోకుండా చివరి రోజును రెండు వైపుల నుంచి రాయండి. ఆ నాలుగు పేజీల్లో ఇద్దరూ వేరువేరుగా గుర్తుంచుకున్న ఒక్క వివరం దొరికితే, అది వాచీ కావచ్చు, ఇంకేదైనా కావచ్చు, దాన్ని చేత్తో పట్టుకుని నాలుగో అధ్యాయంలోకి వెళ్లండి. ఆ నాలుగు పేజీలు రాశాక నాకు పంపితే సంతోషంగా చదువుతాను. ఉత్తరంలో ఆమె సరిగ్గా ఏం రాసిందో కూడా పూర్తిగా రాసి పంపండి. మీ రాతప్రతిలో ఆ ఉత్తరం ఎక్కడా లేదు.